‘సగటు > 34’ : టీకా తాత్పర్య విశేషములు

మూలము

మార్కులు = మ్యాప్(ఇంట్, వరుస.స్ప్లిట్())
సగటు = సమ్(మార్కులు) / లెన్(మార్కులు)
ఇఫ్ సగటు > 34:
    ప్రింట్ "పాసు", పేరు

అవతారిక

ఇది పైథాన్ 2 కాలపు నాలుగు పాదముల స్క్రిప్టు. ఆఱు సబ్జెక్టుల మార్కులకు సగటు కట్టి, పాసైనవాని పేరు చెప్పుట ఇందలి వస్తువు. సబ్జెక్టువారీ పాసు పద్ధతి కర్తకు సమ్మతము కాదు. యూనిట్ టెస్టు కాబోలు. కర్త ఎవరో తెలియదు. ఫైలు మొదట కామెంటు లేదు, చివరా లేదు. పేర్లు మూలమున ఇంగ్లీషు అక్షరములలోనే ఉండెనని గ్రహింపవలెను, ఏలయన తెలుగులో పేర్లు పెట్టుకొను వెసులుబాటు పైథాన్ 3తో గాని కలుగలేదు.

ఆ పైథాన్ 3 2008 డిసెంబరు 3న వెలువడెను. పాతదానికి 2015తో నూకలు చెల్లునని మొదట చెప్పిరి. 2014లో మనసు మార్చుకొని 2020 జనవరి 1 దాక గడువు పెంచిరి. గడువు పెరిగిన కొలది పని చివరి వారమునకే పడుట లోకసామాన్యము. ఆ వారమున అందఱును పిలిపించుకొన్న లేఖకుడు ‘టూ టు త్రీ’ అను ఉపకరణము. పాత స్క్రిప్టు చేతికిచ్చిన, క్షణములో కొత్త భాషలో తిరుగ వ్రాసి ఇచ్చెడివాడు.

ప్రతిపదార్థము

వరుస.స్ప్లిట్() = ఫైలులోని వరుసను ఖాళీల కడ తుంచి, ఇంట్ = ఆ ముక్కలను పూర్ణాంకములుగ, మ్యాప్ = ఒక్కొక్కటిగా మార్చి, మార్కులు = మార్కులను పట్టికయందుంచి; సమ్(మార్కులు) = వాని మొత్తమును, లెన్(మార్కులు) = సబ్జెక్టుల సంఖ్యచే, / = భాగించి (ఈ గీత సంగతి ముందు రాగలదు), సగటు = సగటును కనుగొని; సగటు > 34 = అది ముప్పదినాలుగును దాటెనేని; ప్రింట్ "పాసు", పేరు = పాసను శుభవార్తను పేరుతో సహా తెరపైకి విడుచుచున్నాడు.

తాత్పర్యము

సగటు 35 గాని, అంతకు మించి గాని వచ్చినవాడు పాసు. 35 అనక ‘34 కంటె ఎక్కువ’ అనుటలో కర్త ధీమా కనబడుచున్నది. పైథాన్ 2లో పూర్ణాంకమును పూర్ణాంకముచే భాగించిన, భిన్నము రాలిపోయి పూర్ణాంకమే మిగులును. కనుక 34 తరువాతి మెట్టు 35 మాత్రమే.

విశేషములు

లేఖకుడు మొదటి పాదమున మ్యాప్‌కు ‘లిస్ట్’ అను తొడుగు తొడిగెను. ఇది మెచ్చదగినది. కొత్త భాషలో మ్యాప్ పట్టికనీయదు, లెన్ దానిపై చెల్లదు. నాలుగవ పాదమున ప్రింట్‌కు కుండలీకరణములు చేర్చెను. ఇదియు సరియే. రెండవ, మూడవ పాదములను తాకలేదు. తాకనివే చెడినవి.

209 మార్కుల వానిని తీసికొందము. ఆఱింట భాగించిన 34.83. పైథాన్ 2లో ఇది 34; పాసు కాడు. పైథాన్ 3లో అదే గీత భిన్నమును దాచదు, 34.83 ముప్పదినాలుగు కంటె ఎక్కువ, పాసు! ఎఱ్ఱ అక్షరములు రావు, స్క్రిప్టు ఆగదు. వాని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయరు.

శంక: భాగహారపు అర్థము మాఱినదని లేఖకునికి తెలియదా?

సమాధానము: తెలిసినను చేయగలిగినది లేదు. అతడు పదములను చూచును గాని స్క్రిప్టును నడిపి చూడడు. గీతకు ఇరువైపుల నున్నవి పూర్ణాంకములో దశాంశములో నడుచునప్పుడు గాని తేలదు. తేలనిచోట మూలమును ముట్టకుండుట అతని నియమము. అతనికంటె ముందే హెచ్చరించువాడొకడు కలడు: పాత పైథాన్‌నే ‘మైనస్ 3’ అను గుర్తుతో నడిపిన, ఇట్టి భాగహారము ఎదురైన ప్రతి చోటును చూపును. ఆ గుర్తును వాడినవారు అరుదు.

పాఠాంతరములు

‘సగటు >= 35’ అని ఒక పాఠము. ఇది రెండు కాలములందును చెల్లును. ఇదియే సాధుపాఠమని మా మతము. ఒంటి గీతకు మాఱుగ జంట గీత ‘//’ అని మఱియొకటి. ఈ జంట గీత 2001 నాటి పైథాన్ 2.2 నుండియు కలదు, కర్త వాడలేదు.

‘రౌండ్(సమ్(మార్కులు) / 6.0) >= 35’ అను మూడవ పాఠము దయాళువుది. అరమార్కును పైకి దిద్దవలెనని దాని ఉద్దేశము. 207 వచ్చినవానికి సగటు సరిగా 34.5. పైథాన్ 2 దానిని 35 చేసి గట్టెక్కించెను. పైథాన్ 3 సగము వచ్చినచోట దగ్గఱి సరిసంఖ్యకు దిద్దును, అనగా 34. ఫెయిలు. ఈ పాఠమున గీతలన్నిటిని జంట గీతలుగ మార్చు అత్యుత్సాహియు వీనిని రక్షింపలేడు: జంట గీత 34.5ను ముందే 34.0కు దించివేయును, రౌండ్‌కు పని మిగులదు.

నాలుగవ పాఠమున పేరు ‘పేరు[:30]’ అని యున్నది. పాత భాష తెలుగు పేరును బైట్లుగ చదివెడిది, యూటీఎఫ్-8లో గుర్తుకు మూడు బైట్లు. ‘వెంకటేశ్వర్లు’ ఛందస్సు లెక్కన ఐదక్షరములు, పైథాన్ 3 లెక్కన 13, పైథాన్ 2 లెక్కన 39. కావున ఆ కాలపు మార్కుల జాబితాలలో వెంకటేశ్వర్లు ఎల్లప్పుడును ‘వెంకటేశ్వర’ అయి కనబడెను. స్క్రిప్టు మారినాక ‘ర్లు’ తిరిగివచ్చి, పక్క వరుసలోని మార్కులను నెట్టివేసెను. ఇది దోషమో, దోషనివారణమో పండితులు తేల్చుకొందురు గాక.

గైర్హాజరైనవాని సగటు గడిలో అంకెకు బదులు ‘ఏబీ’ అని అక్షరములుగనే ఉంచిన పాఠమొకటి విచిత్రము. పైథాన్ 2లో అక్షరమాల ఎప్పుడును అంకె కంటె పెద్దది; ‘ఏబీ’ 34ను దాటును, రానివాడు పాసగును! పైథాన్ 3 వీనిని పోల్చజాలనని మొఱపెట్టి ఆగిపోవును. కొత్త పైథాన్ స్క్రిప్టును ఆపుచున్నదని తిట్టుకొన్నవారు ఈ పాఠమును ఒకసారి చూడవలెను.

పునరుక్తి దోషము

తొందరలో ఒకే ఫైలును లేఖకునికి రెండుసార్లు ఇచ్చినవారు కలరు. అతడు చేతికి వచ్చినదంతయు పైథాన్ 2 అనియే నమ్మును. ఆ భాషలో ప్రింట్ తరువాతి కుండలీకరణము జంటను సూచించును. కావున భక్తితో ఇంకొక పొర చుట్టి ‘ప్రింట్(("పాసు", పేరు))’ అని వ్రాయును. ఫలితముగ తెరపై పేరు కొటేషన్లలో, కొటేషన్లు కుండలీకరణములలో దర్శనమిచ్చును. ఇంతకు పూర్వపు పాఠము కావలెనన్న ‘.బ్యాక్’ ప్రతి ఉండును. రెండవసారి నడపినప్పుడు దానిపైనను కొత్త ప్రతి పడియుండును.

పరిష్కర్తలకు సూచన

2024లో వచ్చిన పైథాన్ 3.13 నుండి ఈ లేఖకుని తొలగించిరి. పాత స్క్రిప్టులు ఇంకను మిగిలినవారు 3.12ను గాని, అంతకు పూర్వపుదానిని గాని పెట్టుకొని పని జరుపుకొనవలెను. మార్చిన పిమ్మట పాతదానిని, కొత్తదానిని ఒకే మార్కుల ఫైలుపై నడిపి, వచ్చిన జాబితాలను డిఫ్‌తో సరిచూడవలెను. ఆ ఫైలులో 207 వచ్చినవాడు, 209 వచ్చినవాడు, రానివాడు, వెంకటేశ్వర్లు — నలుగురును ఉండవలెను. అందఱికి అరవైలు వచ్చిన సెక్షను ఫైలిచ్చి తేడా లేదనుట చెల్లదు.