డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కల సారు

పిల్లవాడు బొమ్మలు వేస్తాడని తెలిసిన ఇంట్లో అయిదో తరగతి దాకా స్వర్ణయుగం నడుస్తుంది. వచ్చిన చుట్టాలందరికీ డ్రాయింగ్ బుక్కు చూపిస్తారు. వేసిన బొమ్మనల్లా ఫ్రిజ్ తలుపుకి అంటిస్తారు. 'వీడికి అచ్చం వాళ్ల తాతయ్య పోలికే, ఆయనా వేసేవారు' అని మురిసిపోతారు. ఆరో తరగతిలో చేరేసరికి అదే అలవాటు రోగమైపోతుంది. అమ్మానాన్నలిద్దరూ ఆఫీసులకు సెలవు పెట్టి మరీ పిల్లవాణ్ని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళతారు.

"మావాడు బొమ్మలు వేస్తున్నాడండీ" అంటాడు తండ్రి, గొంతు తగ్గించి.

"ఎప్పట్నుంచి?"

"నాలుగో తరగతి నుంచండీ. అప్పట్లో వారానికొకటి. ఇప్పుడు రోజూ."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"వాళ్ల తాతయ్యకుండేదండీ" అని తల్లి కళ్లొత్తుకుంటుంది.

"కాస్త ముందే తీసుకురావాల్సిందమ్మా. పర్లేదు, ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దాం. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. మూడు నెలల్లో పూర్తిగా తగ్గిపోతుంది."

తగ్గిపోతుంది కూడా. ఈ వైద్యంలో మన విద్యాసంస్థల హస్తవాసికి తిరుగులేదు.

మన పిల్లలకు సబ్జెక్టు ఎంచుకునే స్వేచ్ఛ లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. ఎందుకు లేదు? ఇంటర్‌లో తెలుగు బదులు సంస్కృతం ఎంచుకోవచ్చు. ఏటా అంతమంది ఆ పని చేస్తున్నది కాళిదాసు మీద ప్రేమ పొంగిపొర్లి కాదు, అది స్కోరింగ్ కనుక. సీబీఎస్‌ఈ బడుల్లోనైతే ఇంకా స్వేచ్ఛ. తొమ్మిది, పది తరగతుల్లో అయిదు సబ్జెక్టులకు తోడు ఆరోదిగా ఒక స్కిల్ సబ్జెక్టు తీసుకోవచ్చు. రిటైల్, టూరిజం, వ్యవసాయం, బ్యూటీ అండ్ వెల్‌నెస్, బ్యాంకింగ్, ఐటీ, కృత్రిమ మేధ, జాబితా పెద్దదే. చాలావాటిలో సగం మార్కులు థియరీకి, సగం ప్రాక్టికల్‌కి. అన్నిటికన్నా రుచికరమైన నిబంధన ఇంకొకటుంది. లెక్కలు, సైన్సు, సోషల్‌లలో ఏదో ఒకటి ఫెయిలైతే, పాసైన ఈ ఆరో సబ్జెక్టు దాని స్థానంలోకి వచ్చి గట్టెక్కిస్తుంది. పాపం, నైపుణ్యానికి మన చదువుల్లో దొరికిన గౌరవం అదీ: ఎవరైనా పడిపోతే పిలుస్తారు.

పేరెంట్స్ మీటింగులో ఆ జాబితా చేతికిచ్చినప్పుడు రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. 'ఏది స్కోరింగండీ?' ఒకటి. 'దేనికి ఫ్యూచరుందండీ?' రెండోది. 'మావాడికి ఏదంటే ఇష్టం?' అన్నది ప్రశ్నల్లోకి రాదు, అది వాడి సొంత విషయం. చివరికి అందరూ ఐటీ దగ్గరో, కృత్రిమ మేధ దగ్గరో తేలతారు. కంప్యూటర్ ల్యాబులో ఏసీ ఉంటుంది, చేతికి మట్టి అంటదు. వ్యవసాయం తీసుకుంటానన్న పిల్లవాడికి తల్లి ఇచ్చిన సమాధానం ఒక్కటే: "పొలం అమ్మి నీకు ఫీజు కట్టింది ఇందుకా?"

రాష్ట్ర బోర్డు ఇంకా ఉదారమైనది. ఎంచుకునే శ్రమ కూడా పెట్టకుండా కళలన్నీ అందరికీ కట్టబెట్టేసింది. కళలు-సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, విలువల విద్య-జీవన నైపుణ్యాలు, వ్యాయామ-ఆరోగ్య విద్య అని సహపాఠ్యాంశాలున్నాయి. వాటికి మార్కులుండవు, గ్రేడ్లుంటాయి. నాకు తెలిసిన ఒక పిల్లకు కళల్లో ఏ ప్లస్ వచ్చింది. పదేళ్ల చదువులో ఆ పిల్ల ముట్టుకున్న రంగు హోలీ నాటిదే. మరి గ్రేడెలా వచ్చిందంటారా? ఫిబ్రవరిలో ఒక సాయంత్రం క్లాస్ టీచరు రిజిస్టరు ముందేసుకుని, మొదటి పేరు ఎదురుగా ఏ ప్లస్ రాసి, కింద వరసగా డిటోలు పెట్టుకుంటూ పోయారు. ఒక్క గీత వంకర పోలేదు. ఆ క్లాసులో ఆ ఏడాది నిజంగా జరిగిన చిత్రకళ అదొక్కటే.

అలాగని డ్రాయింగ్ సారు లేరని కాదు. కొన్ని బళ్లలో ఉన్నారు, ఊపిరాడనంత పనిలో ఉన్నారు. పంద్రాగస్టుకి నల్లబల్ల మీద రంగు సుద్దలతో జెండా వెయ్యాలి. తనిఖీ వస్తోందంటే జీర్ణవ్యవస్థ చార్టులు గీయాలి. మెరిట్ సర్టిఫికెట్ల మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాయాలి. కలెక్టరు గారొస్తే థర్మోకోల్ కోసి 'స్వాగతం' అతికించాలి. ఇన్నిటి మధ్య గురువారం ఏడో పీరియడ్ ఆయనది. పిల్లలు స్కెచ్ పెన్నులు తీసి బల్ల మీద పెట్టారో లేదో, గుమ్మంలో లెక్కల సారు ప్రత్యక్షం. "ఆ రంగులు లోపల పెట్టి త్రికోణమితి తియ్యండి." అదే సమయానికి డ్రాయింగ్ సారు స్టాఫ్ రూములో కూర్చుని మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాస్తుంటారు. లెక్కల సారు డ్రాయింగ్ పీరియడ్‌లో, డ్రాయింగ్ సారు లెక్కల్లో. సబ్జెక్టుల మధ్య గోడలు ఉండకూడదని జాతీయ విద్యా విధానం 2020లో చెప్పిందిగానీ, మన బళ్లు ఎప్పుడో పడగొట్టేశాయి.

ఇంటర్‌కి వెళితే ప్రాక్టికల్సుకి మార్కులు కూడా ఉంటాయి. ఫిజిక్స్‌లో ప్రాక్టికల్స్‌కి 30. ఈ 30కి 30 రాకపోతే ఊళ్లో తలెత్తుకోలేం. కెమిస్ట్రీ ల్యాబులో పిల్లవాడికిచ్చిన లవణం పేరేమిటో వాడికి ముందే తెలుస్తుంది, ఆ తర్వాత దానికి తగిన పరీక్షలు రాసుకుంటూ వెనక్కి నడుస్తాడు. బోటనీ రికార్డులో బొమ్మలు అక్క వేస్తుంది. ఆ పిల్లకు బొమ్మలొచ్చన్న సంగతి ఇంట్లోవాళ్లకు అప్పుడు మాత్రమే గుర్తొస్తుంది.

పెద్దలు చెప్పలేదా అంటే, చెప్పీ చెప్పీ అలిసిపోయారు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువుండాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక కూడా రాసిచ్చింది. 1964-66లో కొఠారీ కమిషన్ 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని 'సమాజోపయోగ ఉత్పాదక పని' అంది. 1986 జాతీయ విద్యా విధానం ఇంటర్ స్థాయి పిల్లల్లో 1990కల్లా 10 శాతాన్ని, 1995కల్లా 25 శాతాన్ని వృత్తి విద్యలోకి తెస్తానంది. 2020 విధానం 2025కల్లా కనీసం సగం మందికి వృత్తి విద్య రుచి చూపిస్తానంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు సంచి లేకుండా బడికొచ్చి వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో పని నేర్చుకోవాలనీ అంది. మనవాళ్లు శ్రద్ధగా చదివారు. సంచి వద్దన్నారు కదా అని ఆ రోజు టెస్టు పెట్టి, పెన్నొక్కటి తెచ్చుకోమన్నారు.

ఎవరి దోషం? బడిని తిట్టడం తేలిక. మొన్న మా ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పావుగంటలో పని ముగించి, డబ్బులు జేబులో పెట్టుకుంటూ, "మావాణ్ని మాత్రం ఈ పని ముట్టుకోనివ్వను సార్, టెక్నో స్కూల్లో వేశా" అన్నాడు. అతన్ని తప్పు పట్టగలమా? నిచ్చెన మీద ఉన్నంతసేపూ మనం అతన్ని 'ఏమయ్యా' అనే పిలిచాం. కంప్యూటర్ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడికి కుర్చీ వేసి 'సార్' అన్నాం. మగ్గం, కుండ, కొలిమి, ఉలి తరతరాలుగా కొన్ని కులాలకు అప్పగించి, చెయ్యి కదలని చదువుకు పెద్దపీట వేసిన సమాజం మనది. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మ కొని షోకేసులో పెట్టుకుంటాం, అది చెక్కడం పరీక్షలో సబ్జెక్టుగా పెడతామంటే ముక్కు మీద వేలేసుకుంటాం.

మార్కుల వాసన తగిలితే మాత్రం మనకు ఏ కళా అంటరానిది కాదు. బీఆర్క్‌లో చేరాలంటే జేఈఈ మెయిన్ పేపర్-2లో బొమ్మ గీయాలని తెలియగానే, ఫౌండేషన్‌లో వేసి రోగం కుదిర్చిన అదే పిల్లవాణ్ని డ్రాయింగ్ కోచింగులో చేర్చి మళ్లీ అంటించడానికి డబ్బు కడతాం. 'బాపు కూడా లా పాసయ్యాకే కదా బొమ్మలు వేసుకున్నాడు' అని సర్దిచెప్పే తండ్రులున్నారు. బాపు లా పట్టా ఎవరింటి గోడకైనా వేలాడుతోందేమో వాళ్లే చెప్పాలి.

అయ్యా, అమ్మా! మీకు కొత్త కమిటీ అక్కర్లేదు, కొత్త పేరూ అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 2009 నుంచీ ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి మించి పిల్లలున్న బడిలో కళలకు, పని విద్యకు, ఆరోగ్య-వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకులుండాలని దాని షెడ్యూలులో రాసుంది. జూన్‌లో బడి తెరిచాక టైంటేబుల్ ఫోటో మీ వాట్సాప్‌కి వస్తుంది. డ్రాయింగ్ అని, క్రాఫ్ట్ అని రాసిన గడి చూసి, ఆ పీరియడ్‌లోకి ఎవరొస్తున్నారో మీ పిల్లల్ని అడగండి. లెక్కల సారు అంటే, పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడగబోయే ముందు లేచి నిలబడి ఆ గంట తిరిగి ఇమ్మని అడగండి. ఫీజులో దాని వాటా కూడా మీరు కట్టారు.