కందిపప్పు స్టాకుకు టీకా తాత్పర్యం

మూలం: కందిపప్పు అరకిలో – స్టాకు 18446744073709551615

అవతారిక: వీధి చివరి కిరాణా కొట్లో కందిపప్పు అడిగితే శెట్టిగారు ఖాళీ అర వంక చూసి "అయిపోయిందండీ" అన్నారు. బిల్లు కంప్యూటరు మాత్రం పై వాక్యం పలికింది. "మరి ఇదేమిటండీ?" అంటే, "ఏదో పిచ్చి అంకె లెండి" అని కొట్టిపారేశారు. ఆ అపవాదు మాపుటకే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం: కందిపప్పు = సాంబారుకు ఆదికారణము; అరకిలో = నెలాఖరు కొలత; స్టాకు = ఉన్నదని కంప్యూటరు నమ్మునది; 18446744073709551615 = లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన చిల్లర. (ఆ చిల్లరే నలభై నాలుగు లక్షల కోట్ల పైమాట.)

పదచ్ఛేదం: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడూ ప్రధాన సంఖ్యలే. ఏదీ రెండోసారి రాలేదు గనుక పునరుక్తి దోషం లేదు. 641నూ 6700417నూ గుణిస్తే 4294967297. అది విడదీయరానిదని ఫెర్మా తలచాడు. 1732లో ఆయిలర్ విడదీసి చూపాడు.

పూర్వకవి ప్రయోగం: చదరంగపు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ గింజలు పోస్తే 64 గళ్లకూ కలిపి సరిగ్గా ఇంతే. పావులూరి మల్లన దీన్ని భూతసంఖ్యల్లో, అంటే అంకెకో మాట నిలిపి, పద్యం చేశాడు. అంకెల నడక ఎడమకు గనుక అందులో ముందు నడిచేది చివరి 5.

అలంకారం: విరోధాభాసం. పుట్టుక అంతా రెట్టింపులదే. ఇరవై అంకెలు వెతికినా ఒక్క 2 కనబడదు.

శంక: లేని పప్పు ఇంత ఎట్లయినది?

సమాధానం: కంప్యూటరు స్టాకు రాసుకునే చోటా 64 గళ్లే. గడికి 0 గానీ 1 గానీ పడుతుంది. బాకీ అన్నమాట ఆ గళ్లకు తెలియదు. కొత్త సరుకు ఎక్కించకముందే కుర్రాడు ఒక పొట్లానికి బిల్లు కొట్టాడు. సున్నాలోంచి ఒకటి తీయమంటే, బండి మీటరు 00000 దగ్గర వెనక్కి తిప్పితే 99999 అయినట్టు, గళ్లన్నీ 1లతో నిండాయి.

పాఠాంతరం: రెండో పొట్లం కూడా అమ్మి ఉంటే చివర 614 అని చదువుకోవాలి. 616 అన్న పాఠం అగ్రాహ్యం. అంత సంఖ్య ఈ గళ్లలో పట్టదు.

తాత్పర్యం: కొట్టు ఒక పొట్లం బాకీ ఉన్నదని భావం.

ఫలశ్రుతి: ఇది విని శెట్టిగారు ఒక్క పొట్లం జమ రాశారు. కోట్ల కోట్లూ పోయి సున్నా మిగిలింది. వ్యాఖ్యాత పెసరపప్పు పుచ్చుకుని ఇంటికి నడిచాడు.