మెరుపు వేగం సరే, పనేమిటి?

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మేడ మీది గదుల్లో గ్రూప్-1 పిల్లలు ప్రెసీ రాయడం నేర్చుకుంటారు. పేజీడు ఇంగ్లీషును మూడో వంతుకు దించాలి. ముందు విశేషణాలు పోతాయి, తర్వాత ఉదాహరణలు పోతాయి, చివరికి అసలు సంగతి మిగలాలి. మిగలకపోతే మార్కులు రావు. ఇదే ఊళ్లో, మాదాపూర్ అద్దాల మేడల్లో కూర్చున్న మన ఇంజనీరుకు అంతకంటే చిన్న పని ఉంటుంది. తాను తయారుచేసిన కమాండ్-లైన్ ప్యాకేజీ ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పాలి. ఆయన ప్రెసీ పద్ధతి వేరు. అసలు సంగతిని ముందుగా తీసేస్తాడు. విశేషణాలను మాత్రం ప్రాణం పోయినా వదలడు.

నమూనా ఇదిగో: "మెరుపు వేగంతో పనిచేసే, తేలికైన, ఆధునికమైన, డెవలపర్లు మెచ్చే, రస్ట్‌లో రాసిన సీఎల్ఐ టూల్." ఇది ఏ ఒక్క ప్యాకేజీదీ కాదు, చాలావాటి నుంచి ఏరి కూర్చాను. కానీ ఆ లోకంలో తిరిగేవాళ్లెవరూ దీన్ని కొత్తగా చూడరు. చదివారు కదా, అది ఏం చేస్తుంది? ఫైళ్లు వెతుకుతుందా, ఫొటోలు కుదిస్తుందా, పాస్‌వర్డులు దాస్తుందా? మీకెంత తెలిసిందో నాకూ అంతే తెలిసింది. ఒక్కటి మాత్రం గట్టిగా తెలిసింది, దాన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారట. బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్ దగ్గర టీ తాగుతున్న ఏ సబ్ ఎడిటర్‌కైనా ఈ లైను చూపించండి. ‘వార్త ఎక్కడండీ?’ అని కాగితం వెనక్కి తిప్పి చూస్తాడు.

చిక్కడపల్లి వైపు సన్మాన సభలకు వెళ్లే అలవాటున్నవారికి ఈ సంప్రదాయం కొత్తేం కాదు. వ్యాఖ్యాత మైకు అందుకుని బిరుదులు మొదలుపెడతాడు. రత్నాలు, విభూషణాలు, చక్రవర్తులు, సార్వభౌములు వరసగా దిగుతారు. చప్పట్లు పడతాయి, శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. సన్మానితుడు కవో, కంటి డాక్టరో, కాంట్రాక్టరో మాత్రం భోజనాల దగ్గర పక్కవాణ్ని అడిగి తెలుసుకోవాలి. అక్కడ నష్టమేం లేదు, భోజనమన్నా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

ఈ గొడవేమిటో కంప్యూటరు నల్ల తెరతో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. లినక్స్ వాడేవాళ్లలో చాలామంది ఆప్ట్ అనీ, మ్యాక్ వాడేవాళ్లు హోమ్‌బ్రూ అనీ ఒక కమాండు కొట్టి కావలసిన సాఫ్ట్‌వేర్ దించుకుంటారు. అక్కడ బొమ్మల్లేవు, స్టార్లు లేవు, ‘ఐదుకు నాలుగున్నర’ రేటింగులు లేవు. ప్యాకేజీ పేరు, పక్కన ఒక చిన్న వర్ణన, అంతే. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 అనే లినక్స్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అన్ని వేల పేర్ల మధ్య తోవ తెలియని మనిషికి ఆ ఒక్క లైనే దిక్కు.

ఈ లైను నిన్నా మొన్నా పుట్టింది కూడా కాదు. 1971 నవంబరు 3 తేదీతో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్ వచ్చినప్పుడే ప్రతి కమాండు పేజీకి నెత్తిన ‘పేరు’ అనే భాగం ఉంది. అందులో కమాండు పేరు, ఒక గీత, అది చేసే పని. క్యాట్ అంటే ఫైళ్లను కలిపి చూపించడం. డబ్ల్యూసీ అంటే మాటలు లెక్కపెట్టడం. తమాషా ఏమిటంటే, లెక్కపెట్టేది ఇంగ్లీషు మాటలు అని కూడా అక్కడే చెప్పుకున్నారు. ఆ మాత్రం నిజాయితీ! మెరుపు లేదు, పిడుగు లేదు. అప్పటి యంత్రాల నెమ్మదికి ‘వేగం’ అని రాసుకునే ధైర్యం ఎవరికీ ఉండకపోవచ్చు లెండి.

తర్వాతి వాళ్లు నియమాలు కూడా పెట్టారు. డెబియన్ వారి లెక్క ప్రకారం చిన్న వర్ణన 80 అక్షరాలు దాటకూడదు, ప్యాకేజీ పేరునే మళ్లీ అందులో చెప్పకూడదు. సరిగా ఉందో లేదో చూసుకోవడానికి వాళ్లొక చిట్కా కూడా ఇచ్చారు: ‘ఫలానా ప్యాకేజీ అంటే ఒక...’ అని మొదలుపెట్టి మీ వర్ణన దాని పక్కన పెట్టండి, వాక్యం అతకాలి. హోమ్‌బ్రూ వారు ఇంకో అడుగు ముందుకేసి తనిఖీని యంత్రానికే అప్పగించారు. ‘ఎ’, ‘యాన్’, ‘ది’తో మొదలైతే తప్పు, ప్యాకేజీ పేరుతో మొదలైతే తప్పు, చివర ఫుల్‌స్టాప్ ఉంటే తప్పు, 80 దాటితే తప్పు. అన్నీ బాగున్నాయి. ఫుల్‌స్టాప్‌ను పట్టుకునే యంత్రానికి గొప్పలను పట్టుకోవడం రాదు. చుక్క తీసేసి, ‘ఎ’ కొట్టేసి, బిరుదులన్నీ అలాగే ఉంచి దర్జాగా లోపలికి వెళ్లిపోవచ్చు.

నియమం వల్ల ఒరిగేదేమీ లేదని మాత్రం అనను. బ్యాట్ అని ఒక ఉపకరణం ఉంది. దాన్ని తయారుచేసినవారు ‘రెక్కలు మొలిచిన క్యాట్’ అని పరిచయం చేసుకున్నారు. గబ్బిలానికి రెక్కలుంటాయి కనక చమత్కారం బాగానే ఉంది, పోస్టర్ మీద వేసుకోవచ్చు. అదే ఉపకరణం హోమ్‌బ్రూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ‘సింటాక్స్ హైలైటింగ్, గిట్ అనుసంధానం ఉన్న క్యాట్ తరహా ప్రోగ్రాం’ అయింది. రెక్కలు పోయాయి, పని కనిపించింది. కోడు రంగుల్లో చూడాలనుకునేవాడు దాన్ని ఇప్పుడు వెతికి పట్టుకోగలడు. రెక్కల కోసం వెతికేవాడు ఎవడూ ఉండడు.

బంధుత్వం చెప్పుకునే వర్ణనలది వేరే తంతు. లెస్ అనే పాత ప్రోగ్రాం ఉంది, పెద్ద ఫైలును తెర తర్వాత తెరగా చదువుకోవడానికి. దాని మాన్యువల్ పేజీలో ఏళ్ల తరబడి ఉన్న వర్ణన ఏమిటో తెలుసా? ‘మోర్‌కు వ్యతిరేకం’. మోర్ దానికంటే పాతది, అదీ ఇదే పని చేస్తుంది. డెబియన్ వారి జాబితాలో అదే లెస్‌కు ‘మోర్‌ను పోలిన పేజర్’ అని ఉంటుంది. ఒకరు వ్యతిరేకం అన్నారు, ఇంకొకరు పోలిక అంటున్నారు. ఇద్దరూ చెప్పేది ఒక్క ప్రోగ్రాం గురించే! మోర్ ఎవరో తెలియనివాడికి ఈ రెండూ పెళ్లికొడుకు మేనమామ తోడల్లుడి పేరు చెప్పినట్టే.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికొద్దాం. నారాయణగూడలో అద్దె గదిలో ఉండి, పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న ఒక డిగ్రీ అమ్మాయి ఉందనుకోండి. పరీక్ష నోటిఫికేషన్ పీడీఎఫ్‌గా వచ్చింది. అందులోంచి సిలబస్‌ను మామూలు టెక్స్టుగా బయటికి తీసుకోవాలి. ఆ పని చేసే పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే కమాండు డెబియన్‌లో పాప్లర్-యుటిల్స్ అనే ప్యాకేజీలో ఉంటుంది. దాని చిన్న వర్ణన: ‘పాప్లర్ ఆధారిత పీడీఎఫ్ యుటిలిటీలు’. పాప్లర్ ఎవరయ్యా అంటే, లోపల పీడీఎఫ్‌ను విప్పే లైబ్రరీ. దానికా పేరు ఫ్యూచరామా అనే అమెరికన్ కార్టూన్ సీరియల్‌లోని ఒక తినుబండారం నుంచి వచ్చింది. యుటిలిటీ అంటే ఉపయోగపడేది. అంటే ఆ వర్ణన చెప్పిందేమిటి? ‘పీడీఎఫ్‌తో ఏదో ఉపయోగం ఉంది, కార్టూన్ తినుబండారం మీద ఆధారపడింది’ అని. నిజమే, కింద పెద్ద వర్ణనలోకి దిగితే ఏ కమాండు ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా ఇచ్చారు. దిగాలని ఆ అమ్మాయికి తట్టాలి కదా. ‘పీడీఎఫ్ నుంచి టెక్స్టు, బొమ్మలు తీసే కమాండ్లు’ అంటే ఏం పోయేది?

ఇదే డెబియన్‌లో మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది, మంచిది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు ‘ఫాంట్స్-టెలు’. లిపులకు ఇచ్చే అంతర్జాతీయ నాలుగక్షరాల కోడులో మన లిపికి దక్కినవి టి, ఇ, ఎల్, యు అనే ఆ నాలుగే. ఎవరైనా ‘తెలుగు’ అని ఇంగ్లీషు స్పెల్లింగులో కొట్టి వెతికితే ఈ పేరు ఎలా దొరుకుతుంది? పేరులో పూర్తి మాట లేదు. కానీ వర్ణనలో ఉంది: ‘తెలుగు ఫాంట్లన్నిటినీ ఎక్కించే మెటా ప్యాకేజీ’. వెతుకులాట వర్ణనలను కూడా తడుముతుంది కనక ఫాంట్లు దొరుకుతాయి. ఆ లైను రాసిన మహానుభావుడు ‘అందమైన, ఆధునికమైన, తేలికైన అక్షర విన్యాసం’ అని రాసి ఉంటే మన లిపి మనకే కనిపించేది కాదు. మాన్యువల్ పేజీల్లో వెతికిపెట్టే ఆప్రొపో కమాండుదీ ఇదే కథ, అది చూసేది పేరునూ ఆ ఒక్క లైనునే. అందులో లేని మాట కోసం ఎంత వెతికినా ఏమీ రాదు. మనుషులెవరూ ‘మెరుపు’ అని వెతకరు. ‘పీడీఎఫ్’ అని వెతుకుతారు, ‘జిప్’ అని వెతుకుతారు, ‘ఫాంట్’ అని వెతుకుతారు.

ఈ మాట ఇంజనీర్లతో అంటే జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది: "మా టూల్ వాడేవాళ్లకి అదేంటో తెలుసు సార్." తెలిసినవాళ్లకు వర్ణన దేనికి బాబూ? వాళ్లు నేరుగా పేరు కొట్టి ఎక్కించుకుంటారు. ఆ లైను ఉన్నదే తెలియనివాడి కోసం. రెండోది: "రీడ్‌మీలో అంతా వివరంగా రాశాం." ఎక్కించుకోవాలో వద్దో తేల్చుకోవడానికి ముందు రీడ్‌మీ అనే పరిచయ పత్రం చదవాలట, రీడ్‌మీ ఎక్కడుందో తెలియడానికి ఏ టూలో ముందు తెలియాలట. మూడోది నాకు బాగా నచ్చిన జవాబు: "80 అక్షరాల్లో ఏం చెప్పగలం సార్?" ఆ 80లో నాలుగు బిరుదులకు, ఒక ప్రోగ్రామింగ్ భాషకు చోటు దొరికింది మరి! ఈ మధ్య కొందరు ఆ లైను రాసే పనిని కూడా ఏఐకి ఒప్పగిస్తున్నారు. దానికి విశేషణాల కరువు ఎన్నడూ లేదు.

80 చాలదని నిజంగా మొరపెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంటే అది తెలుగువాడికి. ఆ అంకె 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు వరసల నుంచి టెర్మినల్ తెరల దాకా నడిచొచ్చింది, అప్పుడెవరికీ మన ఒత్తులు గుర్తులేవు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది ఆరు, యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. ఇంగ్లీషువాడు డజను మాటలు పట్టించే చోట మనకు ఆరేడు మాటలు పడితే గొప్ప. ప్యాకేజీ వర్ణనలను ఇతర భాషల్లోకి మార్చడానికి డెబియన్‌లో ఒక ప్రాజెక్టే నడుస్తోంది. డెబియన్ పునాది మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కట్టిన స్వేచ్ఛ సంస్థ మన హైదరాబాద్‌దే. ఇలాంటి పని నెత్తికెత్తుకున్న ఏ వాలంటీరు ముందైనా ఆ ‘మెరుపు వేగపు, తేలికైన, ఆధునిక’ లైను పెట్టి చూడండి. పాపం, లేని అర్థాన్ని ఏ భాషలోకి మారుస్తారు?

తెలుగువాళ్లకు కమాండ్-లైన్ కొత్తా అంటే, కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆయన మిత్రులు రిట్ అనే ప్రోగ్రాం రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగును తీసుకుని, టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగు లిపిలో అచ్చుకు తయారుచేసి ఇచ్చేది. చూశారా, ఒక్క వాక్యంలో అయిపోయింది. ఏం పెట్టాలో తెలిసింది, ఏం వస్తుందో తెలిసింది. ఇంటర్నెట్‌లో తెలుగు కనిపించడమే వింతైన ఆ రోజుల్లో వాళ్లు ‘విప్లవాత్మక’ అని చెప్పుకున్నా ఎవరూ కాదనేవారు కాదు.

పోనీ సరదాకి రాసినవాళ్లను చూసైనా నేర్చుకోవచ్చు. ఎస్‌ఎల్ అని ఒక ఆకతాయి ప్రోగ్రాం ఉంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ బదులు తొందరలో ఎస్‌ఎల్ అని కొడితే, తెర మీద అక్షరాలతో చేసిన పొగబండి ఈ చివర నుంచి ఆ చివరకు చుక్‌చుక్‌మంటూ పోతుంది. అది పోయేదాకా మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఏ ఉపయోగమూ లేదు. హోమ్‌బ్రూలో దాని వర్ణన: ‘ఎల్‌ఎస్ బదులు ఎస్‌ఎల్ కొడితే ఆవిరి ఇంజను చూపిస్తుంది’. పనికిమాలిన ప్రోగ్రాం తన పని ఇంత స్పష్టంగా చెప్పుకుంటోంది. కోట్ల పెట్టుబడి తెచ్చుకున్న కంపెనీల టూళ్లు మాత్రం ‘తర్వాతి తరం డెవలపర్ అనుభవం’ దగ్గర ఆగిపోతాయి.

కాబట్టి కంపెనీలు కోడ్ రివ్యూకి పెట్టే ఖర్చులో కొంత అశోక్‌నగర్‌కు మళ్లించాలని నా ప్రతిపాదన. ప్యాకేజీ విడుదల చేయబోయే ప్రతి ఇంజనీరునూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పంపాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ దొరుకుతారు. తన లైను వాళ్లలో ఒకరికి చూపించి ‘ఇది ఏం చేస్తుందో చెప్పమ్మా’ అని అడగాలి. చెబితే విడుదల, చెప్పలేకపోతే మళ్లీ రాసుకుని రావాలి. పిల్లలకు టీ, సమోసా కంపెనీ ఖాతాలో.

అందాకా ఆగలేమంటే, ఇంజనీరు మిత్రులారా, ఈ రాత్రే మీ ప్యాకేజీ వర్ణన తెరవండి. అది ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో రాయండి. జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాట అందులో ఉండేలా చూడండి. వేగం, తేలిక, ఆధునికత, రస్ట్ వగైరాలన్నీ రీడ్‌మీలో మీకు ఓపికున్నంత రాసుకోండి, అక్కడ 80 దాటినా అడిగేవారు లేరు.