వాషింగ్టన్ వారి దివాన్ బహదూర్లు

తెల్లదొరల కాలంలో మన జమీందార్లకూ పెద్ద ప్లీడర్లకూ రావు సాహెబ్, రావు బహదూర్, దివాన్ బహదూర్ అని బిరుదులు దక్కేవి. మెడలో పతకం, దర్బారులో ఒక కుర్చీ, ఊళ్లో కాస్త పరువు. అంతకు మించి దొరవారిని ఏమీ అడగకూడదు. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు గానీ ఆ విద్య ఎక్కడికీ పోలేదు. అమెరికా దాన్ని మనుషుల స్థాయి నుంచి దేశాల స్థాయికి పెంచింది. ఆ బిరుదు పేరు ‘నాటోయేతర ప్రధాన మిత్రదేశం’.

1987లో ఐదు దేశాలతో మొదలైన జాబితా ఇప్పుడు ఇరవై దాకా వచ్చింది. ఇంతకీ బిరుదుతో ఒరిగేదేమిటి? పరిశోధనల కోసం అమెరికా సైనిక సామగ్రి అరువు తెచ్చుకోవచ్చు. అమెరికా ఆయుధాలను తమ గడ్డ మీద నిల్వ చేయించుకోవచ్చు. డిప్లీటెడ్ యురేనియం తూటాలు కొనుక్కుంటామని అర్జీ పెట్టుకోవచ్చు. ఇస్తారని కాదు, అర్జీ పరిశీలిస్తారని. మరి రేపు ఎవడైనా మీదపడితే అమెరికా వచ్చి కాపాడుతుందా? అలాంటి హామీ ఈ బిరుదులో లేదని అమెరికా విదేశాంగ శాఖే రాసిపెట్టింది. జపాన్, దక్షిణ కొరియాల వంటి వాళ్లకు విడిగా ఒప్పందాలున్నాయి కాబట్టి వాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లకు కుర్చీయే గతి.

ఈ కుర్చీలో అందరికన్నా దర్జాగా కూర్చున్నది పాకిస్తాన్. 2004 ఫిబ్రవరిలో అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ టీవీ ముందుకొచ్చి, అణు రహస్యాలు దేశం దాటించానని ఒప్పుకున్నాడు. మర్నాడే పాక్ అధ్యక్షుడు ముషారఫ్ క్షమించేశాడు. ఆ మరుసటి నెలలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఢిల్లీ వచ్చి, మనతో నవ్వుతూ మాట్లాడి, బిరుదు సంగతి ఒక్క ముక్కయినా పొక్కనివ్వకుండా ఇస్లామాబాద్ వెళ్లి పాకిస్తాన్‌కు దాన్ని ప్రకటించేశాడు. ఏడేళ్లు గడిచాయి. ఒసామా బిన్ లాడెన్ దొరికాడు. ఎక్కడ? అబోటాబాద్‌లో, పాకిస్తాన్ మిలిటరీ అకాడమీకి మైలు దూరం కూడా లేని ఇంట్లో. ప్రధాన మిత్రుడి పెరట్లోకి అమెరికా హెలికాప్టర్లు అర్ధరాత్రి చెప్పాపెట్టకుండా వెళ్లాల్సి వచ్చింది. అంత జరిగినా బిరుదు ఊడిందా? లేదు. 2018లో ట్రంప్ పాకిస్తాన్‌కు భద్రతా సాయం ఆపేశాడు గానీ, బిరుదు జోలికి పోలేదు. డబ్బు ఖర్చు కానిదాన్ని వెనక్కి తీసుకోవడం ఎందుకనుకున్నారో ఏమో.

అఫ్గానిస్తాన్ కథ ఇంతకన్నా రంజుగా ఉంటుంది. 2012లో హిల్లరీ క్లింటన్ కాబూల్ వెళ్లి ఆ బిరుదు తగిలించి వచ్చారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల వశమైంది. బిరుదు రద్దయింది 2022 సెప్టెంబరులో. అంటే ఏ తాలిబాన్లతో ఇరవై ఏళ్లు యుద్ధం చేసిందో, వాళ్లేలుతున్న దేశం ఏడాదికి పైగా కాగితం మీద అమెరికాకు ప్రధాన మిత్రదేశమే.

ఇక ఖతార్. అల్ ఉదైద్ స్థావరంలో వేలాది అమెరికా సైనికులకు చోటిచ్చింది, 2022లో బిరుదు పుచ్చుకుంది, 2025లో బోయింగ్ 747 విమానాన్నే కానుకగా ఇచ్చింది. ఇంతకన్నా భక్తి ఎవరు చూపగలరు? ఆ ఏడాది సెప్టెంబరు 9న దోహా మీద బాంబులు పడ్డాయి. వేసింది ఇరాన్ కాదు, ఇజ్రాయెల్. అదీ బిరుదాంకితమే, పైగా మొదటి ఐదుగురిలో ఒకటి. దివాన్ బహదూర్ ఇంటిమీద రావు బహదూర్ రాళ్లేస్తే దొరగారు ఎవరి పక్షం? ఆ తర్వాత ఖతార్ భద్రతకు మాది హామీ అని ట్రంప్ విడిగా ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. బిరుదులోనే సరుకుంటే ఈ కొత్త కాగితం దేనికి? దోహా మీద దాడి జరిగి వారం తిరగగానే సౌదీ అరేబియా పోయి పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం కుదుర్చుకుంది. రెండు నెలలకు సౌదీ యువరాజును వైట్‌హౌస్ విందుకు పిలిచి, అదే బిరుదు మీకూ ఇస్తున్నామన్నారు. యువరాజు వద్దనలేదు లెండి.

బిరుదు కాదు, అసలు సిసలు ఒడంబడిక ఉన్నవాళ్లు మాత్రం సుఖపడ్డారా అంటే డెన్మార్క్‌ను అడగాలి. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే ఐదో అధికరణాన్ని నాటో చరిత్రలో ఒక్కసారే ప్రయోగించారు, 2001లో, అదీ అమెరికా కోసం. ఆ చిన్న దేశం అఫ్గానిస్తాన్‌కు సైన్యాన్ని పంపి 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. ప్రతిఫలంగా మీ గ్రీన్‌లాండ్ మాకు కావాలనే కబురు వచ్చింది.

మనవాళ్లు తెలివైనవాళ్లు, ఆ గుంపులో కూర్చోలేదు. మనకోసం 2016లో ప్రత్యేకంగా ‘మేజర్ డిఫెన్స్ పార్టనర్’ అనే బిరుదు చేయించుకున్నాం. ప్రపంచంలో మరెవ్వరికీ లేదని ఎనిమిదేళ్లు మురిశాం. 2024లో అదే యూఏఈకీ ఇచ్చారు. 2025 ఆగస్టులో అమెరికాలో మన సరుకుల మీద 50 శాతం సుంకం పడింది, భీమవరం చెరువుల దగ్గర రొయ్య ధర పడిపోయింది. ఆ అక్టోబరు 31న ఇరు దేశాల రక్షణ మంత్రులు రాజ్‌నాథ్ సింగ్, పీట్ హెగ్సెత్ కౌలాలంపూర్‌లో కలిసి, రెండు దేశాల రక్షణ సహకారం మరో పదేళ్లు సాగాలని సంతకాలు చేశారు. ఆ రోజుకి రొయ్య మీద సుంకం ఒక్క శాతం కూడా తగ్గలేదు.