రుమైథియా డ్రైవరు, రాయచోటి ప్లాటు

కువైట్‌లోని రుమైథియాలో ఏ ఏరియా మంచిదో మన రాయచోటి డ్రైవరుకు తెలిసినంతగా ఏ బ్రోకరుకూ తెలియదు. బ్లాకు, వీధి, ఇంటి నంబరు చెబితే చాలు, కళ్లు మూసుకుని బండి ఆపుతాడు. పొద్దున పిల్లల్ని బడిలో దించడం, సాయంత్రం మామను, అంటే ఇంటి యజమానురాలిని, జమియా సూపర్‌మార్కెట్‌కు తిప్పడం, రాత్రి బాబాను, అంటే యజమానిని, దివానియా ముచ్చట్లకు చేర్చడం. ఏ సందులో నీడ ఉందో, ఎక్కడ పార్కింగు దొరకదో కంఠతా వచ్చు. అయితే అక్కడ కొనలేడు. విదేశీయుల ఆస్తులపై కువైట్ 1979లో తెచ్చిన 74వ నంబరు చట్టం మనబోటివాళ్లకు ఇల్లు అమ్మనివ్వదు. స్తోమత లేదన్న మాట బయటికి పొక్కకుండా పాపం చట్టమే పరువు కాపాడింది.

పోనీ, బాబా కొడుకు? పెళ్లయింది, పిల్లలు పుట్టారు, కాపురం ఇంకా తండ్రి ఇంటి పై అంతస్తులోనే. సర్కారు ఇంటికి దరఖాస్తు పెట్టుకుని ఏళ్లుగా వరుసలో ఉన్నాడు. వంతొచ్చినా దక్కేది ఎడారిలో వెలసిన ముత్లాలాంటి కొత్త ఊళ్లోనే. సర్కారు గృహరుణం 70 వేల దినార్లు, అంటే దాదాపు రెండు కోట్ల రూపాయలు. ఆ డబ్బుకు రుమైథియాలో ఇల్లు రాదు.

కాబట్టి ఏరియా ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవాడు ఆ ఇంట్లో డ్రైవరొక్కడే. శుక్రవారం వాట్సాప్‌లో బామ్మర్ది రాయచోటి వెంచరు దర్శనం చేయిస్తాడు. ముందుగా ఆర్చి కనిపిస్తుంది. మన దగ్గర ఏ కాలనీకైనా మొదట పుట్టేది ఆర్చే. తర్వాత రెండు గేదెలు.

"కాలవలు యాడరా?"

"వస్తాయి బావా."

"కరెంటో?"

"స్తంభాలు నాటినారు కదా!"

"తీగలు లేవే?"

"నువ్వు మరీ కువైటోడివైపోయినావు బావా!"

2022 ఏప్రిల్ 4న రాయచోటి జిల్లా కేంద్రమైందో లేదో, చుట్టుపక్కల వెంచర్లన్నీ కలెక్టరాఫీసుకు కూతవేటు దూరానికి జరిగాయి. జిల్లా కేంద్రం ఎటు కదిలినా బ్రోషరు మారుతుందే తప్ప ఆర్చి కదలదు. ఇక అది సర్కారు పంచిన డీకేటీ భూమా, రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, కాగితాల్లో ఇంకా వేరుశనగ చేనేనా (ఎన్నారైలు సాగుభూమి కొనకూడదని మన ఫెమా చట్టం) అని అడిగే తీరిక ఎవరికి? ఈశాన్యం పెరిగింది, పుట్టిల్లు పక్క వీధిలోనే ఉందని ఇంటావిడ సంతోషించింది. అంతకుమించిన లింకు డాక్యుమెంటు లేదు. ఎంబసీ ముద్రతో జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, బామ్మర్ది పేరిట వెళ్లింది. మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి. బామ్మర్ది జీవితంలో తప్పకుండా పాటించిన గడువు అదొక్కటే.

వారంలో రిజిస్ట్రేషన్ పూర్తయిందని విని బాబా కొడుకు నోరెళ్లబెట్టాడు. "అక్కడ నాకూ ఒకటి చూడు" అన్నాడు. మన మూలాలు లేని విదేశీయుడు అక్కడెక్కడో ఉంటూ ఇక్కడ స్థలం కొనడం ఫెమా ఒప్పుకోదని డ్రైవరు విచారంగా ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు.

"దాందేముంది బావా," అన్నాడు బామ్మర్ది, "నా పేరున రాయిస్తే సరి!"