రాళ్ళకు అద్దాల మేడ

తెలుగువాళ్ళ ఇంట్లో విలువైనది బీరువాలో ఉంటుంది, విలువ లేనిది షోకేసులో ఉంటుంది. బంగారం, పొలం కాగితాలు, పట్టుచీరలు తాళం వేసిన ఇనప బీరువాలో. హాల్లో అద్దాల వెనక మాత్రం ఎవరో పెళ్ళికిచ్చిన ప్లాస్టిక్ తాజ్‌మహల్, ఏ చుట్టం వచ్చినా బయటికి తియ్యని కప్పులూ సాసర్లూ, పిల్లాడు మూడో తరగతి పరుగుపందెంలో తెచ్చుకున్న కప్పు, తల ఊపే తంజావూరు బొమ్మ. దొంగ ఇంట్లో దూరితే ముందుగా షోకేసు చూడాలి, చూసి మన మీద జాలిపడి వెళ్ళిపోవాలి. దాన్ని హాల్లో పెట్టుకునేది అందుకేనని నా నమ్మకం.

ఇలాంటి సంప్రదాయంలో పెరిగి కూడా మా ఆయన అమెరికా వచ్చాక విలువైన వస్తువును అద్దాల వెనక పెడదామన్నారు. గొడవంతా అక్కడ మొదలైంది.

ఆ వస్తువు జేడ్ అనే రాయి. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ఇక్కణ్ణుంచి తీరం వెంట దక్షిణానికి పోతే బిగ్ సర్ ప్రాంతంలో జేడ్ కోవ్ అని ఒక చోటుంది. పోటు గీతకు దిగువన విడిగా పడి ఉన్న పచ్చరాళ్ళను అక్కడ చేత్తో ఏరుకోవచ్చు, బండలు తొలవకూడదు. 1971లో ముగ్గురు డైవర్లు ఆ నీళ్ళలోంచి 9,000 పౌండ్ల జేడ్ బండను పైకి తీశారట. మా ఆయన ఆ కథ చెప్పినప్పుడల్లా నేను మా గరాజ్ వైపు ఒకసారి చూసుకుంటాను.

ఏరుకున్నవి కొన్ని, శాన్ హోజే ఫ్లీ మార్కెట్‌లో బేరమాడి కొన్నవి కొన్ని. అన్నీ ఇంట్లో తలా ఓ చోట స్థిరపడ్డాయి. కిటికీ గట్టు మీద కప్ప, టీవీ పక్కన బుద్ధుడు, మందుల డబ్బాలో చేతి గాజు. నున్నటి గుండ్రాయి ఒకటి ఎలా చేరిందో పూజగదిలోకి చేరింది. మా అత్తయ్య తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చినప్పట్నుంచీ దానికి రోజూ బొట్టు పెట్టి అభిషేకం చేస్తున్నారు. జేడ్‌కు నీళ్ళు పడవని ఎవరూ అనలేదు గనక నేనూ ఏమీ అనలేదు.

అసలు ఇవన్నీ జేడేనా అన్నది వేరే సంగతి. జేడ్ పేరుతో చెలామణీ అయ్యేవి నిజానికి రెండు వేరు వేరు రాళ్ళని 1863లో దామూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తేల్చాడు. ఒకటి నెఫ్రైట్, రెండోది జేడైట్. జేడైట్‌లో పేరున్నది బర్మాది, దాని ధర మనలాంటివాళ్ళు అడగకపోవడమే మంచిది. జేడ్ కోవ్‌లో దొరికేది నెఫ్రైట్. చూడ్డానికి వీటిలాగే ఉండే మూడో రాయి సర్పెంటీన్, అది కాలిఫోర్నియా అధికారిక రాష్ట్ర శిల కూడా, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. ఉక్కు కత్తి మొనతో గీస్తే సర్పెంటీన్ మీద సాధారణంగా గీత పడుతుంది, జేడ్ మీద పడదు. మా ఆయన ఆ పరీక్షకు ఒప్పుకోరు. నేనూ పట్టుబట్టను, కాపురం చేసుకోవాలి కదా.

ఈ రాళ్ళు పెట్టడానికి బీరువా ఎలాంటిది కొనాలన్నదాని మీద ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. చైనావాళ్ళకు ఇలాంటి వస్తువుల కోసమే ఒక రకం అల్మరా ఉంది. ఏ రెండు అరలూ ఒక ఎత్తులో, ఒక వెడల్పులో ఉండవు, ఒక్కో వస్తువుకు ఒక్కో గూడు. మా ఆయన మనసు దాని మీదుంది. దాని ధరకు తెనాలిలో నిజం ఇటుక గోడలతో ఒక గది వేయించుకోవచ్చన్నాను. పైగా దానికి తలుపులుండవు, దుమ్ము పడుతుంది. ఇంటి దుమ్ములో ఇసుక నలుసులుంటాయి, అందులో క్వార్ట్జ్ కాఠిన్యం 7, నెఫ్రైట్‌ది 6 నుంచి 6.5. పొడిగుడ్డతో రోజూ తుడిచినకొద్దీ మెరుపును మన చేత్తో మనమే గీకేసుకున్నట్టు. కాబట్టి అద్దాల తలుపులు తప్పవు. ఈ వాదనలో నేను గెలిచాను.

నోరెత్తకుండా నేను ఒప్పుకున్నవి బరువు, భూకంపం. జేడ్ నీళ్ళకు మూడు రెట్ల బరువు. చూడ్డానికి అరచేతిలో ఇమిడే రాయి పలచటి గాజు అర మీద ఎక్కితే గాజు వంగడం మనకే కనిపిస్తుంది. మందపాటి టెంపర్డ్ గాజు కావాలి, అది పగిలినా కత్తుల్లాంటి పెంకులవదు, పలుకులవుతుంది. ఇక హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు మా ఫ్రీమాంట్ ఊళ్ళోంచే పోతుంది, 1868లో పెద్దగా కదిలింది. అందుకని బీరువాను గోడకు బిగించాలి. ఇక్కడి గోడలు తట్టి చూస్తే డొల్ల. జిప్సం పలక వెనక సాధారణంగా 16 అంగుళాలకొకటి నిలువు కర్ర ఉంటుంది, మేకు దాంట్లో దిగితేనే పట్టు. గోడకు చెవి ఆనించి మా ఆయన ఆ కర్ర కోసం తడుతుంటే మా అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, “అమ్మాయ్, వీడికి ఆఫీసులో అంతా బానే ఉందా?” అని అడిగారు.

పరిశోధన కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియన్ ఆర్ట్ మ్యూజియంకూ వెళ్ళాం. ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఇరవయ్యేళ్ళు ఏలిన ఏవరీ బ్రండేజ్ పోగేసిన జేడ్ వస్తువులు అక్కడున్నాయి. అందరూ వాటిని చూస్తుంటే మా ఆయన వంగి అరల అడుగున ఏముందో చూశారు. గార్డు కాసేపు మా వెనకే నడిచాడు, పాపం.

దీపాల సంగతి నేర్చుకున్నది అక్కడే. ముందునుంచి వెలుతురు పడితే ఎంత మంచి జేడైనా సగం అరిగిన సబ్బుబిళ్ళలా ఉంటుంది. అదే వెనకనుంచో కిందనుంచో పడితే పలచటి అంచుల్లోంచి వెలుగు దిగి రాయికి ప్రాణం వస్తుంది.

మా ఆయన దగ్గర ఇంకో కథా ఉంది. న్యూయార్క్‌లో హీబర్ బిషప్ అనే షావుకారు 1902లో తన జేడ్ అంతా మెట్రపాలిటన్ మ్యూజియానికిచ్చాడు. అవి వెయ్యికి పైనే. వాటి మీద అచ్చు వేయించిన పుస్తకం రెండు సంపుటాలు కలిపి వంద పౌండ్లకు పైనే తూగుతుంది, వేసినవి వంద ప్రతులు. మ్యూజియంలో వాటిని ఫ్రెంచి లూయీ రాజుల కాలపు తీరులో అలంకరించిన హాల్లో పెట్టారు. “చూశావా, జేడ్‌కిచ్చే గౌరవం!” అన్నారు మా ఆయన. ఆ షావుకారుకు హాలుంది, మనకు డైనింగ్ టేబుల్ పక్కన నాలుగడుగుల గోడ ఉంది అన్నాను.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనే జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి, ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన పుస్తకపీఠం ఉన్నాయి, మూడూ జేడ్ పనితనమే. మనం ఏం చేస్తాం? గంట కొట్టే గడియారం ముందు పిల్లల్ని భుజాలకెత్తుకుని నిలబడతాం, మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని చూస్తాం, బస్సెక్కుతాం. అంత సరుకు పోగేసిన మూడో సాలార్‌జంగ్ 1949లో పోయేదాకా పెళ్ళి చేసుకోలేదు. సేకరణ అంత పెద్దదవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం.

బీరువా వచ్చింది, గోడకు బిగిసింది. రాళ్ళ కింద మ్యూజియం మైనం పెట్టాం, కుదుపొస్తే జారకుండా. సర్దడంలో మా ఆయన పద్ధతి మ్యూజియం పద్ధతే. అరకు మూడు వస్తువులు, మధ్యలో ఖాళీ. ఖాళీ అర తెలుగింట్లో ఎన్నాళ్ళు నిలుస్తుంది? “ఇంత అద్దాల బీరువా కొని అరకు మూడు రాళ్ళేంట్రా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు!” అని మా అత్తయ్య తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి కల్లుగీత కార్మికుణ్ణి చేర్చారు. తర్వాత ఏటికొప్పాక లక్క బొంగరాలొచ్చాయి. ఆ వెనక తెలుగు సంఘం వాళ్ళిచ్చిన జ్ఞాపిక ఒకటి, దాని మీద మా ఆయన పేరు తప్పుగా చెక్కి ఉంది.

సంక్రాంతికి ఆవిడ ఏకంగా బీరువా తలుపులు తీసేసి బొమ్మల కొలువు పెట్టారు. కింది అరలో కొండపల్లి పల్లెటూరు. దాని వెనక కొండలు కావాల్సొచ్చి జేడ్ కోవ్ రాళ్ళన్నిటినీ వరసగా నిలబెట్టారు, బుద్ధుణ్ణి చెరువు గట్టున కూర్చోబెట్టారు, కప్పను చెరువులోకి దించారు. వెనకనుంచి ఎల్ఈడీ వెలుగు పడుతుంటే ఆ పచ్చకొండల అందం చెప్పడం నా వల్ల కాదు. పేరంటానికొచ్చినవాళ్ళంతా ఫొటోలు తీసుకున్నారు. “ఆ కొండలు ఏ క్రాఫ్ట్ షాపులో దొరికాయండీ?” అని ఒకావిడ అడిగితే మా ఆయన కాఫీ కప్పుతో గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. నన్నడిగితే మాత్రం ఆ రాళ్ళు అంత బాగా కనపడింది, అంతమంది చూసింది అప్పుడే. ఏ మ్యూజియం సర్దినా ఇంతకంటే బాగా సర్దదని ఆయన మొహం మీదే చెప్పాను.

అయ్యా, అమ్మా, మా ఇంటికి ఎప్పుడైనా రండి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళండి. వచ్చేటప్పుడు పళ్ళు తేండి, పూలు తేండి. వినాయకుడి బొమ్మ మాత్రం దయచేసి తేవద్దు, అరలో చోటు లేదు.