మనవాడే!

కోయంబత్తూరు తెలుగువాళ్లలో జి.డి. నాయుడు తనకు చుట్టం కాదనేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పెళ్లి పంక్తిలో సాంబారు వచ్చేలోపు ఒకాయన వేలువిడిచిన మేనమామ వరస కలుపుతాడు. రసం వచ్చేసరికి అది సొంత మేనమామ అయిపోతుంది.

1893లో కలంగల్‌లో పుట్టిన ఆ మహానుభావుడికి బడి పడలేదు. పంతులు మొహాన ఇసుక కొట్టి పారిపోయాడని చెబుతారు. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, అది కొనడానికి హోటల్లో సర్వరుగా చేరాడు. కొన్నాక నడిపి ఊరుకున్నాడా? మరకు మర విప్పి మళ్లీ బిగించాడు. రైతుబిడ్డ ఎంగిలి బల్లల దగ్గర నిలబడ్డ ఆ రోజుల్లో వరసలు కలపడానికి ఎంతమంది వచ్చి ఉంటారో మీరే ఊహించుకోండి. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపాక, 1937లో బాలసుందరం నాయుడితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేశాక బంధువర్గం పెరిగింది.

మదురైలో డాక్టర్ వెంకటస్వామిది ఇంకో దారి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కత్తి పట్టడం నేర్చుకుని వేలాది కళ్లకు చూపిచ్చాడు. కృష్ణా రామా అనుకోవలసిన 58వ ఏట, 1976లో, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచాడు. తోబుట్టువుల్నీ ఆ పనిలోకే లాగాడు. చుట్టాల నోరు మూయించడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు.

నాకా తెలివి లేకపోయింది. ఇంజనీరింగ్ మానేసి మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డు పెడతాననగానే ఇంట్లో పంచాయతీ కూడింది.

"అన్నా, వీడికి పిల్లనెవరిస్తారు?" అంది అత్త.

"జి.డి. నాయుడూ చదవలేదుగా" అన్నాను.

"ఆయనా నువ్వూ ఒకటా? ఆయన మనవాడు!" అన్నాడు మామ.

మరి నేనెవరినో అడిగే ధైర్యం చాలలేదు. షెడ్డు మాత్రం పెట్టాను. ఆ వీధిన పోయే చుట్టాలకు సరిగ్గా నా షెడ్డు ముందుకొచ్చేసరికి ఎదుటివైపు ఏదో ముఖ్యమైనది కనిపించేది.

నిరుటి ఎండాకాలం మామ తోటలో మోటారు కాలిపోయింది. రాత్రి పదింటికి తలుపు కొట్టాడు. "ఊళ్లో ఇన్ని షెడ్లున్నా, మనవాడివి నువ్వుండగా పరాయివాళ్లెందుకని వచ్చాను" అన్నాడు. మాడి నల్లబడ్డ తీగంతా పీకి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మర్నాడు సాయంత్రం బిల్లు చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మనవాళ్ల మధ్య బిల్లేమిటల్లుడూ!"